నెల్లిమర్లలో దిగినాయన

విశాఖలో ఫొటోనిక్స్ సదస్సు చూసుకుని పాసింజరు రైల్లో శ్రీకాకుళం వస్తున్నాను. లేజర్లూ లెన్సులూ చేసే మా ఉత్తరాంధ్ర చిన్న కంపెనీలు, విదేశీ సంస్థలతో చేతులు కలపాలని పెట్టుకున్న సదస్సు అది. కొత్తవలస దాటాక చూస్తే, ఎదుటి సీటాయన జేబులోంచి సదస్సువాళ్లు ఇచ్చిన నీలం తాడు వేలాడుతోంది. నా మెడలోనూ అదే.

"మీరూ సదస్సు నుంచేనా?" అన్నాను.

"మొదట్నుంచీ ఉన్నాను బాబూ. మిమ్మల్ని సూసినట్టు నేదే!"

ఎలా చూస్తాడు? నేను జర్మనీవాళ్ల బల్లను వదల్లేదు. ఆయన జపానువాళ్లను వదల్లేదట. భోజనాల దగ్గరైనా మావాళ్ల వైపు ఇద్దరమూ తల తిప్పలేదు.

"మీరేటి సేస్తారు?" అని నవ్వుతూ అడిగాడు.

"లెన్సులు సానపడతాం. వెలుగు వెనక్కి తుళ్లకుండా పైన పూత ఏసేవోలే దొరకట్నేదు. జర్మనీవోలని అడిగొచ్చినాను."

ఆయన నవ్వు ఆగిపోయింది.

"మాది ఆ పూత పనే బాబూ. ఏయించుకునేవోలు నేక జపానోల ఎనకాల పడ్డాను."

విజిటింగ్ కార్డు అడిగాను. కార్డుల డబ్బా తెరిచి చూపించాడు. అన్నీ పరాయి పేర్లే.

"నావన్నీ దొరలకే ఇచ్చీసినాను."

నావీ అంతే. ఫోన్ నంబరు మాత్రం ఆయనా అడగలేదు, నేనూ అడగలేదు. ఆయన ఆశ జపాను మీద, నా ఆశ జర్మనీ మీద. నెల్లిమర్ల రాగానే ఆ తాడును జేబులోకి భద్రంగా తోసుకుని దిగిపోయాడు.

నెల తిరిగాక జర్మనీ నుంచి జవాబొచ్చింది. ఇంత చిన్న పనికి అంత దూరం ఎందుకు, మీ చుట్టుపక్కలే ఎవరైనా ఉంటారు, కనుక్కోండి అన్నారు.