అర చెంచా చక్కెర

మా బస్సు డిపోలో ఒక డ్రైవరు ఉన్నాడు. హాజరు పట్టీలో వాడికి ఒక పేరు ఉండే ఉంటుంది, కానీ ఆ పేరుతో పిలిస్తే వాడే వెనక్కి తిరిగి చూడడు. అందరికీ వాడు "పాకం". టీ తాగాక గ్లాసు అడుగున కరగకుండా మిగిలిన చక్కెరని చూపుడువేలితో తుడిచి నాకేవాడు కాబట్టి ఆ పేరు. పెట్టింది నేనే. డిపో క్యాంటీన్ నాది, ఆ గ్లాసులు కడిగేదీ నేనే, కాబట్టి ఆ హక్కు నాకుంది.

వాడు నన్ను అక్కా అంటాడు. రక్తసంబంధం ఏమీ లేదు. ఇరవై రెండేళ్లుగా రోజుకి నాలుగు టీలు ఇచ్చిన సంబంధం, అంతే. పొద్దున్నే మూడో నంబరు బస్సు షెడ్డులోంచి బయటికి వస్తూ రెండు పొట్టి హారన్లు కొడుతుంది. ఆ చప్పుడు వినగానే నేను టీ గ్లాసుతో క్యాంటీన్ కిటికీ దగ్గర నిలబడతాను. వాడు బస్సుని నా కిటికీకి జానెడు దూరంలో ఆపుతాడు. నా కిటికీలోంచి వాడి కిటికీలోకి గ్లాసు వెళుతుంది. అలా ఆపాలని కొత్త డ్రైవర్లు ఎవరైనా ప్రయత్నిస్తే గోడ గీరుకుపోవడం ఖాయం. వాడి చేతిలో ఇన్నేళ్లలో ఒక్క గీత పడలేదు, ఒక్క గ్లాసు పగల్లేదు.

టీలో చక్కెర ఎన్ని చెంచాలో చెప్పలేదు కదూ? నాలుగు. గ్లాసు ఎంతుంటుందో తెలిస్తే మీరు నన్ను తిడతారు.

మొన్న వేసవి మొదట్లో డ్రైవర్లందరికీ ఏటా చేసే పరీక్షలు చేశారు. పాకం కాగితం చూసి డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చూశాడట. ఆ కాగితం మీద ఎర్ర పెన్నుతో ఒక అంకె రాసి, దాని కింద గీత గీశాడు. మాత్రలు రాసిచ్చాడు. "మాత్రలు ఒక్కటే చాలవు, నోరు కట్టుకోవాలి. మూడు నెలల్లో నీ షుగరు ఈ అంకె కిందికి దిగకపోతే నేను సంతకం పెట్టను. స్టీరింగ్ బదులు నీకు గేటు దగ్గర కుర్చీ ఇస్తారు" అన్నాడు.

గేటు దగ్గర కుర్చీ అంటే వచ్చే బస్సుల నంబర్లు, పోయే బస్సుల నంబర్లు రాసుకోవడం. వాడు ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. "నా బండిని ఇంకొకడు తోలుకుపోతుంటే నేను నంబరు రాసుకోవాలా అక్కా?" అన్నాడు. మూడో నంబరు హారన్ లేని పొద్దు ఎలా ఉంటుందో ఊహించుకోవడానికి కూడా మనసొప్పలేదు.

ఆ రోజే వాడు నా స్టవ్ ముందు నిలబడి ఒట్టేశాడు. "ఇక నుంచి టీలో చక్కెర వద్దు. మధ్యాహ్నం అన్నం కూడా వద్దు, పచ్చి ముక్కలు తింటాను" అన్నాడు.

మర్నాడు మా మరదలు, అంటే వాడి భార్య, డబ్బా కట్టి పంపింది. మూత తీస్తే నాలుగు కీరా చక్రాలు, చిటికెడు ఉప్పు. కుందేలుకి పెట్టినా అలిగి పోయేది. పదకొండు గంటలకల్లా వాడికి ఆకలికి కళ్లు బైర్లు కమ్మి, చివరి స్టాపులో మూడు బన్నులు లాగించాడు. దాచకుండా నాకొచ్చి చెప్పాడు, అది వాడి మంచితనం. నేను మరదలికి ఫోన్ చేసి, "అమ్మా, రేపటి నుంచి డబ్బా నేను కడతాను. నిమ్మరసం, మిరియాలు కలిపిన చిన్న సీసా ఒక్కటి నువ్వు పంపు, అది నీ చేత్తో కలిపితేనే బాగుంటుంది" అన్నాను. "సరే వదినా" అంది.

ఇక నా పనితనం చూడాలి. ముందురోజే నానబెట్టి ఉడికించిన శనగలు రెండు గుప్పిళ్లు. గింజలు తీసేసిన టమాటా, కీరా, సన్నగా తరిగిన క్యాబేజీ. ఉల్లిపాయని చల్లటి నీళ్లలో వేసి పిండితే ఘాటు పోతుంది. ఉడికిన గుడ్డు నాలుగు ముక్కలు. పైన పుదీనా. వేయించిన వేరుశనగ గుళ్లు మాత్రం విడిగా కాగితంలో చుట్టాను, ముందే కలిపితే మెత్తబడి పంటికింద చప్పుడు పోతుంది. ఉప్పూ నిమ్మరసం తినేముందే పోసుకోమన్నాను. డబ్బా బరువు చూసి, "ఇది ముక్కల డబ్బానా, టూల్స్ డబ్బానా?" అన్నాడు వాడు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నానా? మధ్యాహ్నం వాడు డబ్బా తెచ్చి నా ముందు పెట్టి, "అక్కా, సలాడ్ అంటే ఇంత వేడిగా, జావలా ఉంటుందా?" అని అమాయకంగా అడిగాడు.

చూస్తే టమాటాలు ఉడికిపోయాయి. పుదీనా నల్లబడింది. "ఎక్కడ పెట్టావురా దీన్ని?" అన్నాను. "ఎప్పుడూ పెట్టేచోటే" అన్నాడు. ఎప్పుడూ పెట్టేచోటు అంటే వాడి సీటు పక్కన ఇంజను మూత మీద! ఇరవై రెండేళ్లుగా అన్నం డబ్బా అక్కడే పెట్టి వేడివేడిగా తినడం వాడికి అలవాటు. చెయ్యి దానంతటదే అటు పోయింది.

"ఓరి దద్దమ్మా! పచ్చి ముక్కలు తినరా అంటే పొయ్యి మీద పెట్టుకుంటావా?" అని అరిచాను. క్యాంటీన్ అంతా నవ్వింది. మర్నాటి నుంచి డబ్బాని తడి గుడ్డ సంచీలో పెట్టి, కిటికీ ఊచకి వేలాడదీయమన్నాను. బస్సు పోతుంటే గాలి తగిలి చల్లగా ఉండేది.

ఆ సంచీ చూసి వర్క్‌షాపు వాళ్లు వాడిని ఊరికే వదుల్తారా? "మేత వేళయిందా పాకం?" అని ఒకడు, "పూటకి ఎన్ని లీటర్లిస్తున్నావు?" అని ఇంకొకడు. వాడు శనగలు నములుతూ, "ముందు గిన్నె తెచ్చుకో, చెబుతాను" అనేవాడు.

ఇంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు నా సంగతి చెప్పాలి.

చక్కెర లేని టీ ఇచ్చిన మొదటి రోజు వాడు ఒక గుక్క తాగి నా వైపు చూశాడు. ఆ మొహం చూడలేకపోయాను. ఎండలో, ఇంజను పక్కన, రోజంతా స్టీరింగు తిప్పే మనిషి, పాపం ఉత్త చేదు నీళ్లు తాగాలా? మర్నాడు గ్లాసులో అర చెంచా చక్కెర వేసి, గిన్నె చాటున బాగా కలిపేశాను. నాలుగు చెంచాల మనిషికి అర చెంచా ఏ మూలకి? వాడికి తెలియనే తెలియదు అనుకున్నాను. అలా నెల రోజులు, రోజుకి నాలుగు సార్లు.

నెల తిరిగేసరికి మళ్లీ రక్తపరీక్ష చేయించుకున్నాడు. షుగరు దిగలేదు సరికదా, ఇంకా పైకి ఎక్కింది.

నాకు ఒళ్లు మండిపోయింది. అందరూ టీ తాగుతున్న వేళ, అందరి ముందూ వాడిని కడిగేశాను. "ఎక్కడ తింటున్నావురా? చివరి స్టాపులో బన్నులా? పొద్దున్నే లేచి నేను ముక్కలు తరిగేది నువ్వు చాటుగా స్వీట్లు మింగడానికా? సిగ్గుందా నీకు?"

వాడు గ్లాసు కింద పెట్టాడు. "నా చేత్తో నేను ఒక్క గింజ కూడా వేసుకోలేదక్కా" అన్నాడు. అంతే అని వెళ్లిపోయాడు. ఆ మాటలో ఏముందో అప్పుడు నా బుర్రకి ఎక్కలేదు.

వాడు ట్రిప్పు మీద ఉండగా, నా తిట్ల సంగతి తెలిసి మరదలు క్యాంటీన్‌కి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఆయన్ని ఏమీ అనకండి వదినా, తప్పు నాది. నిమ్మరసం పుల్లగా ఉంటే ముక్కలు పారేస్తారేమోనని రోజూ సీసాలో కాస్త బెల్లం కలుపుతున్నాను. కాస్తే!" అంది.

"కాస్తా? ఎంత?"

"ఒక ముక్క. పెద్దదే."

ఆ రోజు సెలవులో ఉండి, టీ తాగడానికని వచ్చిన మూడో నంబరు కండక్టరమ్మాయి పక్క బల్ల దగ్గర కూర్చుని అంతా వింటోంది. గొంతులో టీ అడ్డం పడి దగ్గింది. "పిన్నీ, నేను కూడా... ఎండలో బాబాయికి కళ్లు తిరుగుతాయేమోనని ఆయన నీళ్ల సీసాలో గ్లూకోజు పొడి కలుపుతున్నాను. ఆయన గటగటా తాగేస్తాడు, రుచి చూసేదెక్కడ?" అంది.

నేను నడుము మీద చెయ్యి వేసుకుని ఇద్దరినీ దులిపేశాను. "ఇదేనా మీ ప్రేమ? మనిషిని తీసుకెళ్లి గేటు దగ్గర కూర్చోబెట్టే ప్రేమ?" అన్నాను. నా అర చెంచా సంగతి మాత్రం నోరు మెదపలేదు. అప్పుడే కదా వాడిని అందరి ముందూ తిట్టాను! ఇప్పుడు నేను కూడా అంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?

హెడ్ మెకానిక్ పెద్దాయన చేతులు తుడుచుకుంటూ వచ్చి సంగతి విన్నాడు. "చెల్లెమ్మా, ఒకే స్క్రూని నలుగురు ఒకరికి తెలియకుండా ఒకరు అర చుట్టు తిప్పితే బండి ఏమవుతుంది? అందుకేగా మా దగ్గర బండి బండికీ పలక ఉంది!" అన్నాడు. నిజమే. వర్క్‌షాపులో ప్రతి బస్సుకీ ఒక పలక వేలాడుతుంది. ఎవరు ఏ నట్టు ముట్టుకున్నా దాని మీద రాసి, పేరు రాయాలి. రాయకుండా ముట్టుకున్నవాడికి ఆ రోజు పెద్దాయన చేతిలో పెళ్లే.

ఆయన ఒక ఖాళీ పలక తెచ్చి క్యాంటీన్ గోడకి మేకు కొట్టి తగిలించాడు. పైన "పాకం" అని రాశాడు. వాడి నోట్లోకి ఎవరి చేతి మీదుగా ఏది వెళ్లినా అక్కడ రాయాలి. మరదలు, "నిమ్మరసం, బెల్లం లేదు" అని రాసింది. కండక్టరమ్మాయి, "ఉత్త మంచినీళ్లు" అని రాసింది. నేను, "టీ, చక్కెర సున్నా" అని రాశాను. సున్నా కాస్త వంకరగా వచ్చింది.

సాయంత్రం వాడు వచ్చి పలక చదివాడు. మరదలు, కండక్టరమ్మాయి చేసిన పని విని పగలబడి నవ్వాడు. తర్వాత నేనిచ్చిన టీ ఒక గుక్క తాగాడు. నిజంగానే చక్కెర లేని టీ. నా మొహంలోకి ఒకసారి చూసి, మిగతాది తాగేశాడు.

ఆ తర్వాత రెండు నెలలు పలక అబద్ధం చెప్పలేదు. సలాడ్‌లో నేను రోజుకో మార్పు చేశాను, ఒకరోజు బొబ్బర్లు, ఒకరోజు మొలకలు. ఎండలు ముదిరేకొద్దీ వేడి అన్నం ఎవరికీ సహించక, మేత అన్న మహానుభావులే గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. పాకం బెల్టుకి రెండు కొత్త రంధ్రాలు పడ్డాయి. అవి కూడా పెద్దాయనే వర్క్‌షాపులో పొడిచి ఇచ్చాడు, పలక మీద రాసి మరీ.

ఆఖరి పరీక్ష రోజు వచ్చింది. వెళుతూ, "గట్టెక్కితే నాలుగింటి ట్రిప్పు నేనే తీస్తానక్కా, హారన్ వింటావు" అన్నాడు.

మూడున్నర నుంచి నా చెవులు గేటు దగ్గరే ఉన్నాయి. నాలుగైంది. మూడో నంబరు బస్సు హారన్ లేకుండా బయటికి వచ్చింది. స్టీరింగు దగ్గర వేరే మనిషి. ఇంకో పది నిమిషాలకి పాకం గేటులోంచి నడుచుకుంటూ వస్తూ కనిపించాడు. తల దించుకుని ఉన్నాడు, చొక్కా చెమటతో తడిసిపోయింది.

చేతిలో గరిటెతోనే పరుగెత్తాను. వాడు నోరు తెరిచేలోపే ఏడుపు తన్నుకొచ్చింది. "నన్ను క్షమించరా తమ్ముడూ! ఆ మొదటి నెలంతా నీ టీలో అర చెంచా చక్కెర వేసింది నేనే. నేను వేస్తూ నిన్నే అందరి ముందూ తిట్టాను. ఆ నెల వృథా కాకుండా ఉంటే నీ బండి నీకు ఉండేది. నా చేతులు విరగ!"

వాడు నా చేతిలోంచి గరిటె తీసుకున్నాడు, మీద పడుతుందని కాబోలు. "తెలుసక్కా" అన్నాడు.

"ఏం తెలుసు?"

"అర చెంచా సంగతి. మొదటి రోజు చేదుగా ఉంది, రెండో రోజు తియ్యగా ఉంది. నా నాలుక మరీ అంత మొద్దుబారిపోలేదు."

"మరి నేను అంతలేసి మాటలంటుంటే ఎందుకు పడ్డావురా? వద్దని ఎందుకు అనలేదు?"

"ఎలా అంటాను? నాకోసం దొంగతనంగా కలిపావు. అంత ప్రేమగా ఇస్తే వద్దనడానికి నోరు రాలేదు. అందులో తప్పు నాది కూడా ఉందిలే."

నేను కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. అప్పుడు చూశాను, వాడు తల దించుకుంది చేతిలో కాగితం చదువుకుంటూ. "ఇంతకీ డాక్టరు ఏమన్నాడు?" అన్నాను.

"సంతకం పెట్టాడు. ఆయన రాసిన అంకెకి ఇంకో పదిహేను కిందికి దిగింది. రోజూ నడవమన్నాడు, సరే ఇవాళే మొదలుపెడదామని నడిచొచ్చాను. ఇంత దూరం అనుకోలేదు, నాలుగింటి ట్రిప్పు తప్పిపోయింది."

"మొద్దు వెధవా! ఆ మాట ముందు చెప్పొద్దూ?"

"నువ్వు చెప్పనిస్తేగా!"

వాడు తిన్నగా క్యాంటీన్‌లోకి నడిచి, పలక దగ్గర ఉన్న సుద్దముక్క తీసి నా చేతికిచ్చాడు. అందరూ చూస్తుండగా రాశాను. "మొదటి నెల, టీలో అర చెంచా చక్కెర, రోజుకి నాలుగుసార్లు. వేసినది: అక్క." పెద్దాయన నవ్వాపుకోలేక బయటికి వెళ్లిపోయాడు. మరదలు మాత్రం ఫోన్ చేసి, "వదినా, ఆ రోజు నన్ను ఎంతసేపు తిట్టారో గుర్తుందా?" అంది. గుర్తుంది తల్లీ, బాగా గుర్తుంది.

మర్నాడు పొద్దున్నే రెండు పొట్టి హారన్లు వినిపించాయి. బస్సు వచ్చి నా కిటికీకి జానెడు దూరంలో ఆగింది. గ్లాసు అందించాను. వాడు ఒక గుక్క తాగి, గ్లాసుని వెలుగుకి ఎత్తి చూశాడు.

"అక్కా, ఏమీ అనుకోనంటే ఒక మాట. రెండు నెలల నుంచీ చెబుదామనుకుంటున్నాను. చక్కెర లేకపోతే తెలుస్తోంది, నీ టీ ఉత్త రంగునీళ్లు."

కెటిల్ మూత తీసి వాడి మీదకి విసిరాను. బస్సు అప్పటికే కదిలిపోయింది. అయినా ఆ రోజు నుంచి కెటిల్‌లో టీ పొడి రెండు చెంచాలు ఎక్కువ వేస్తున్నాను, ఆ సంగతి పలక మీద రాశాను కూడా.