ఆగస్టులోనే గెలిచేసిన అమ్మాయి

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి విద్యా సంవత్సరం, బడులు తెరిచిన జూన్ నెలలో, స్కూల్ గేమ్స్‌కి వెళ్లే మా జిల్లా స్కేటింగ్ జట్టుకు నన్ను కోచ్-కమ్-మేనేజరుగా వేస్తూ ఉత్తర్వు వచ్చింది. అప్పుడు నేను నందిగామలో స్కూల్ అసిస్టెంట్, ఫిజికల్ ఎడ్యుకేషన్. కాగితం మీద హోదా అది. పిల్లలకూ వాళ్ల తల్లిదండ్రులకూ మాత్రం పాత పేరుతోనే పీడీ మేడంని. ఈ డ్యూటీలో జట్టును తయారు చేయాలి, పోటీలకు తీసుకెళ్లాలి, క్షేమంగా తీసుకురావాలి. ఓడిపోతే ఎందుకు ఓడిపోయారో చెప్పాలి. గెలిస్తే ఎవరూ ఏమీ అడగరు, గెలిపించింది తామేనని చెప్పేవాళ్లు అప్పటికే వేదిక మీద ఉంటారు.

స్కేటింగ్ అంటే మా వైపు చాలామందికి పరుగుపందెమే. నాకు అప్పగించింది ఆర్టిస్టిక్ విభాగం. టీవీలో మంచు మీద చేసే ఫిగర్ స్కేటింగ్‌కి ఇది చక్రాల మీది చెల్లెలు. సంగీతానికి తగ్గట్టు కదలడం, గాలిలోకి ఎగిరి చుట్టు తిరిగి ఒంటికాలి మీద దిగడం, ఉన్నచోటే బొంగరంలా తిరగడం, అన్నీ అవే. జగ్గయ్యపేటలో మంచు చేపల బజారులో తప్ప కనపడదు కాబట్టి మేము చక్రాలతో సరిపెట్టుకున్నాం.

ఆ సంవత్సరం నా జట్టులో అందరికన్నా బాగా చేసే పిల్ల కెజియా. ఎనిమిదో తరగతి, జగ్గయ్యపేటలో ఒక ప్రైవేటు హైస్కూలు. తండ్రి జాన్‌బాబు ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు సూపర్‌వైజరు. సెలవు దొరికినప్పుడల్లా కూతుర్ని బండి మీద నందిగామ తీసుకొచ్చేవాడు. దొరకనప్పుడు ఆమె స్కేట్ల సంచి భుజాన వేసుకుని బస్సెక్కేది. మా ప్రాక్టీసు నందిగామలో ఒక ఫంక్షన్ హాల్లో జరిగేది. నున్నటి నేల, పైన కప్పు, ఇంతకన్నా మంచి రింకు మాకు లేదు. ఒకటే ఇబ్బంది, పెళ్లి ఉన్న రోజు మేము ఉండకూడదు. కాబట్టి మా శిక్షణ ప్రణాళిక నేను వేసేది కాదు, పంచాంగం వేసేది. ఆషాఢంలో పెళ్లిళ్లు లేక హాలు ఖాళీగా పడి ఉంది. ఆ నెలంతా కెజియా హాల్లోనే ఉంది.

ఇక్కడ ఒక మాట వివరించాలి. ఈ ఆటలో సీజన్ పొడవైనది. మాకు జిల్లా ఎంపికలు సెప్టెంబరులో, రాష్ట్ర పోటీలు నవంబరులో, జాతీయ పోటీలు ఆ తర్వాత. ఒంట్లో ఉన్న పదును అన్ని నెలలూ ఒకేలా నిలబడదు. ముందు బలం పెంచాలి, తర్వాత గెంతులు కూర్చాలి, ఆఖరున శ్రమ తగ్గించి పదును పైకి తేవాలి. ఆ పైకి రావడాన్ని మేము పీక్ అంటాం. అది ముఖ్యమైన పోటీ నాటికి రావాలి. మంచు దేశాల్లో ఘనమైన కోచ్‌లు, డాక్టర్లు ఉన్న స్కేటర్లకు కూడా ఇది తరచూ తప్పుతుంది. సీజన్ మొదట్లో లోకాన్ని నోరు తెరిపించినవాళ్లు అసలు పోటీ నాటికి మామూలు గెంతులకే తూలి పడతారు. మా దగ్గర డాక్టర్లు లేరు. సన్మాన సంఘాలు ఉన్నాయి.

జులై ఆఖరుకు కెజియాకు ఆక్సెల్ వచ్చేసింది. ముందుకు చూస్తూ ఎగిరి, గాలిలో ఒకటిన్నర చుట్టు తిరిగి, వెనక్కి జారుతూ దిగే గెంతు అది. మా స్థాయిలో పతకాన్ని తేల్చేది అదే. నేను సంతోషించాల్సింది పోయి భయపడ్డాను. నా లెక్కలో అది అక్టోబరులో రావాలి. వారం రోజులు గెంతులు మానేసి ఒట్టి అడుగులు చేయించబోయాను. జాన్‌బాబుకు నచ్చలేదు.

"వచ్చిందాన్ని ఆపడమేంటి మేడం? పంట చేతికొస్తే కొయ్యకుండా ఉంటామా?" అన్నాడు.

"ఇది పంట కాదండి, పిల్ల. నవంబరులో మళ్లీ కొయ్యాలి," అన్నాను.

ఆయన మర్యాదస్తుడు, తలూపాడు. కానీ ఆ గెంతు వీడియో ఫోన్లో తీసి అప్పటికే కరస్పాండెంటుగారికి పంపేశాడు. కరస్పాండెంటు వీరభద్రరావుగారంటే ఆ ప్రైవేటు స్కూలు యజమాని. గోడ ఖాళీగా కనిపిస్తే నిద్రపట్టని మనిషి. పంద్రాగస్టు నాడు స్కూలు ఆవరణలో జెండా ఎగరేశాక కెజియాతో ప్రోగ్రాం పెట్టించారు. సిమెంటు నేల మీద, వాన తుంపరలో, ఆమె ఆక్సెల్ అచ్చుగుద్దినట్టు దిగింది. నేనూ చూశాను. అంత ఎత్తు, అంత నిదానమైన దిగుడు మా జిల్లాలో నేను అంతకుముందు చూడలేదు.

ఇక పిలుపులు మొదలయ్యాయి. ఒక క్లబ్బు, ఒక వర్తక సంఘం, ఫ్యాక్టరీ కాలనీ, చర్చి యువజనుల కూటం, ఒక నాయకుడి పుట్టినరోజు. తంతు అంతటా ఒకటే. పిల్ల స్కేట్లు కట్టుకుని వేదిక పక్కన నిలబడాలి. పెద్దలు మాట్లాడాలి. క్రీడలు శరీరానికి మంచివని ఒకాయన, మనసుకు మంచివని ఇంకొకాయన, రెండింటికీ మంచివని అధ్యక్షులవారు. ఈలోగా వేడెక్కించిన కండరాలు చల్లారిపోతాయి. అప్పుడు, "ఏదీ అమ్మా, ఆ గెంతు ఒకసారి," అంటారు. ఒక సభలో జ్యోతి వెలిగించిన చోట కొబ్బరి చిప్ప ముక్కలు, నీళ్లు అలాగే ఉన్నాయి. నేను తుడిపించమన్నాను. నిర్వాహకుడు నొచ్చుకున్నాడు, శుభమా అని కొట్టింది తుడుస్తారా అని. చెమటలు కారే ఆ ఉక్కలో ఆమెకు శాలువా కప్పారు. శాలువాతోనే మరోసారి గెంతమన్నారు, ఫొటోగ్రాఫరుకు మొదటిది అందలేదట.

సెప్టెంబరు జిల్లా ఎంపికల్లో కెజియా గెలిచింది. మార్కులు గొప్పగా వచ్చాయి. వీరభద్రరావుగారు నా చేతులు పట్టుకుని ఊపారు. "మేడం, ఇక స్టేటు మనదే. ఈ ఊపు తగ్గకుండా చూడండి చాలు," అన్నారు. ఊపు తగ్గించడమే అప్పుడు నా పని అని ఆయనకు చెప్పాను. ఆయన నవ్వారు. నేను వేళాకోళమాడాననుకున్నారు.

అక్టోబరులో తగ్గింది, నేను తగ్గించకుండానే. మొదట మడమ నొప్పి అంది. తర్వాత గాలిలో చుట్టు పూర్తికాకుండా దిగడం మొదలైంది. జడ్జీలు దాన్ని కెమెరాలో చూసి మార్కులు కోస్తారు. ఒకరోజు హాల్లో వరసగా పడి, లేచి, గోడకు ఆనుకుని కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను.

"మేడం, నాది ఆగస్టులోనే అయిపోయిందండి," అంది. ఏడవలేదు. సిలబస్ అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది.

రాష్ట్ర పోటీలు విశాఖలో. ఉదయం వార్మప్‌లో ఒక్క ఆక్సెల్ కూడా నిలబడలేదు. మా పద్ధతిలో ప్రోగ్రాంలో ఏ గెంతులు ఉంటాయో ముందే రాసివ్వాలి, మార్చుకోవడానికి కొంత వ్యవధి ఉంటుంది. ఆక్సెల్ తీసేసి సులువైన గెంతు పెడదాం, అడుగులూ గిరికీలూ శుభ్రంగా చేస్తే మూడో స్థానానికి ఆశ ఉంది అన్నాను. కెజియా సరే అంది. జాన్‌బాబు ఫోను తీసుకుని పక్కకు వెళ్లాడు. తిరిగి వచ్చేటప్పటికి ముఖం మారింది.

"కరస్పాండెంటుగారు ఒప్పుకోవట్లేదు మేడం. పేపరోళ్లకి ఆక్సెల్ అనే చెప్పారంట."

"పేపరోళ్లు గెంతుతారా?"

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. కూతురి వైపు చూశాడు. ఆ చూపు ఆమె కాదనలేని చూపు. "చేస్తాలే నాన్నా," అంది.

మొదటి ఆక్సెల్‌కి తుంటి మీద పడింది. రెండోదానికి గాలిలో భయపడి, దగ్గరికి బిగించిన చేతులు విప్పేసింది, ఒకటిన్నర చుట్టు కాస్తా అర చుట్టు అయింది. మిగతా ప్రోగ్రాం అంతా ముఖాన నవ్వు చెదరకుండా చేసింది, ఆ నవ్వును చూడటం పడిపోవడం చూసినదానికన్నా కష్టంగా ఉంది. పతకాల దరిదాపుల్లోకి రాలేదు. గెలిచింది కాకినాడ పిల్ల. సెప్టెంబరులో ఆ పిల్ల తమ జిల్లాలో కిందామీదా పడుతూ రెండో స్థానంలో బయటపడిందని అందరికీ తెలుసు. వాళ్ల కోచ్‌ని అభినందించాను. "మాది ఇవాళే మొదలైందండి," అన్నాడు.

తిరుగు రైల్లో కెజియా పై బెర్తు ఎక్కి పడుకుంది. జాన్‌బాబు కిటికీలోంచి చూస్తూ, "ఆగస్టులో చూసినోళ్లు ఇవాళ చూస్తే నమ్మరండి," అన్నాడు.

"ఇవాళ చూసినోళ్లు ఆగస్టు సంగతి నమ్మరు. మార్కులేసేది వీళ్లే," అన్నాను. కటువుగానే అన్నాను.

జగ్గయ్యపేట సెంటర్లో బస్సు దిగేసరికి ఫ్లెక్సీ కట్టి ఉంది. పోటీ కన్నా ముందే అచ్చయింది. కెజియా నిలువెత్తు బొమ్మ, దాని పక్కన అంతకన్నా పెద్దదిగా వీరభద్రరావుగారి బొమ్మ. 'రాష్ట్ర విజేత' అన్నచోట 'విజేత' మీద తెల్లకాగితం అంటించి, స్కెచ్ పెన్నుతో 'పోటీదారు' అని రాశారు. కాగితం సరిపోక చివరి అక్షరం ఆయన భుజం మీదికి వెళ్లింది. కెజియా దాన్ని చదివి, పగలబడి నవ్వింది. విశాఖ నుంచి ఆమె నోరు తెరవడం అదే మొదలు.

మరుసటి సంవత్సరం నా సర్వీసులో చివరిది. జూన్‌లో కెజియా వచ్చి తన షరతు చెప్పింది. "ఈసారి ఆక్సెల్ జిల్లాలో చెయ్యనండి. మొదటి ఇద్దరూ స్టేటుకి వెళ్తారుగా, రెండో ప్లేసు చాలు." నాకు అభ్యంతరం లేదు. జాన్‌బాబు ఫోను జేబులోంచి తీయలేదు. ఆషాఢంలో హాలు ఖాళీగా ఉన్నా వారానికి కొన్ని రోజులే వాడుకున్నాం. పంద్రాగస్టుకు వీరభద్రరావుగారు పిలవనే లేదు. ఆయనకు అప్పటికి చదరంగం ఆడే పిల్లవాడొకడు దొరికాడు. సంఘాలు కూడా అటే వెళ్లాయి. ఓడిపోయిన పిల్లకు శాలువా కప్పడానికి ఎవరికీ తీరిక లేదు. నేను కోచ్‌గా ఎంత పోరాడినా సంపాదించలేని విశ్రాంతిని విశాఖ ఓటమి ఆమెకు ఊరికే ఇప్పించింది.

జిల్లాలో రెండో స్థానం వచ్చింది. ఆమె పని అయిపోయిందన్నారు కొందరు, నా చెవిన పడేలాగే. నవంబరులో ఆమె రాష్ట్ర పోటీల్లో రెండు ఆక్సెల్‌లూ నిలబెట్టి, రజతం తీసుకుని జాతీయ జట్టులోకి వెళ్లింది. స్వర్ణం మళ్లీ కాకినాడకే, ఆ కోచ్‌కి క్యాలెండరు నాకన్నా బాగా తెలుసు. జాతీయ పోటీల్లో మధ్యలో ఎక్కడో నిలిచింది, అది ఆమె సత్తాకు తగిన స్థానమే. రజతం వచ్చిన వారంలోనే వీరభద్రరావుగారు ఫోను చేసి సభ పెడతామన్నారు. జాతీయ పోటీలయ్యాక రమ్మంటే వస్తుందని చెప్పాను. అయ్యాక ఆయన పిలవలేదు.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇది. సన్మానాన్ని కూడా శ్రమ కిందే లెక్క వేయాలి. గెంతుల సంగతి అడిగినట్టే, ఈ నెల ఎన్ని సభలకు వెళ్లావని పిల్లను అడగాలి. శాలువాకు చోటు ఆఖరి పోటీ తర్వాతే. జట్టును నా తర్వాతి కోచ్‌కి అప్పగించేటప్పుడు ఇదే చెప్పాను. ఆఖరి పోటీ తర్వాత ఎవరూ పిలవకపోతే దానివల్ల శిక్షణకు వచ్చే నష్టమేమీ లేదని కూడా చెప్పాను.