వంగితే విరుగుద్దన్న మాట

సాగర్ డ్యాం కడుతున్న రోజులు. మాచర్ల నుంచి నరసరావుపేట వెళ్లే బస్సులో, నా పక్కన సీటు ఖాళీగా ఉన్నా ఒక రైతు నిలబడే ఉన్నాడు. కూర్చోమన్నాను.

"కూర్చోలేనయ్యా. నా ఎన్నుపూస బీటలిచ్చిన కుండంట. వంగితే విరుగుద్దని డాక్టరుగారు చెప్పాడు. అంతకుముందు దుక్కి దున్నిన రోజే నొప్పి. ఆ మాట ఇన్నకాడి నుంచి పడుకున్నా నొప్పే. నా కూతుర్ని ఎత్తుకోవడం కూడా మానేశా."

రెంటచింతల దాటాక గేదె అడ్డొచ్చి బస్సు గభాల్న ఆగింది. ముందు సీటులోని తల్లి ఒడిలోంచి బిడ్డ జారిపోయింది. రైతు చటుక్కున వంగి, బిడ్డను నేల తాకకుండా అందుకుని లేచాడు. ముఖంలో బాధ ఛాయైనా లేదు.

"అంత కిందికి వంగి పట్టుకున్నావు, నీ బిడ్డలు సల్లగుండాలన్నా!" అందా తల్లి.

రైతు ముఖం పాలిపోయింది.

"వంగానా?" అంటూ నడుం పట్టుకుని కేక పెట్టాడు.

బిడ్డను తల్లి ఒళ్లో పెట్టడానికి కూడా అతను మళ్లీ వంగలేకపోయాడు. నేనే లేచి అందుకున్నాను.