కాకి ముట్టని విస్తరి

చిన్నదినం నాడు కాలవగట్టున విస్తరి వేసి చాలాసేపయింది. గారెలు, కోడికూర, చేపల పులుసు, పక్కన మూత తీసిన మందు సీసా, ఇవన్నీ చనిపోయిన భావనారాయణకు ఇష్టమైనవే. చెట్టు నిండా కాకులున్నాయి కానీ ఒక్కటీ దిగిరాదు. పోయినవాడికి ఏదో కోరిక మిగిలిపోయిందనీ, అది తీరుస్తామని మాటిస్తే తప్ప కాకి ముట్టదనీ అమృతలూరులో అందరి నమ్మకం. అన్నదమ్ములు మాటిచ్చారు. కూతురు సాయిసుధని బాగా చదివిస్తానని భార్య శేషారత్నం ఏడుస్తూ మాటిచ్చింది. కాకులు వినిపించుకోలేదు.

అప్పుడు అందరి కళ్ళూ జమలయ్య మీద పడ్డాయి.

అతనూ భావనారాయణా ఒకప్పుడు ఒకే లారీ మీద తెనాలి నుంచి రేపల్లెకు బియ్యం తోలారు, ఒకే సీసా పంచుకున్నారు. ఓనాడు తాగిన మత్తులో జమలయ్య లారీని కాలవలోకి దించాడు. ఇద్దరూ చావు తప్పి బయటపడ్డారు. ఆ దెబ్బతో జమలయ్య తాగుడు మానేశాడు, నానా యాతనా పడి మానేశాడు. భావనారాయణ మానలేదు. కాలేయం పాడై బాపట్ల ఆసుపత్రిలో కన్నుమూశాడు. జమలయ్య ఇప్పుడు ఈ చుట్టుపక్కల ఊళ్ళ పిల్లల్ని తెనాలి బడికి తిప్పే స్కూలు వ్యాను నడుపుతున్నాడు. ఈ సాయంత్రం కూడా బడి వదిలేసరికి గేటు దగ్గరుండాలి.

"వాడి ప్రాణమంతా నీ మీదే రా," అంటూ భావనారాయణ బాబాయి వెంకటప్పయ్య గ్లాసులో పోసి చేతికిచ్చాడు. "వాడి పేరు చెప్పి ఒక్క గుక్క తాగు. కాకి ఎందుకు ముట్టదో చూద్దాం."

చచ్చినవాడి పేరు చెప్పి బతికున్నవాడి కొంప ముంచడంలో మన పెద్దలు మహా గట్టివాళ్ళు. ఆ వాసనకి జమలయ్య నోట్లో నీళ్ళూరాయి. సిగ్గు లేకుండా ఊరాయి. ఒక్క గుక్కతో ఆగే ఘటం తను కాదని అతనికి తెలుసు.

అతను విస్తరి ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఒరే భావనారాయణా, నీకు మొదటి గ్లాసు పోసింది నేనే. నువ్వు వద్దంటున్నా బలవంతాన పోశాను. నీ చావులో నా పాలు ఉంది రా, కాదనను. కానీ ఇది మాత్రం తాగను. సాయంత్రం నా బండిలో పిల్లలుంటారు."

గ్లాసులోదీ, సీసాలోదీ కాలవలో ఒంపేశాడు.

"చచ్చినోడి నోటికాడది తీసేశావు కదరా!" వెంకటప్పయ్య మండిపడ్డాడు. జమలయ్య తలెత్తలేదు. ముసలాయన తిట్లు అతనికి లెక్కలేదు. శేషారత్నం ముఖం చూడాలంటేనే భయంగా ఉంది. మొదటి గ్లాసు సంగతి ఆమెకు ఇంతవరకూ తెలీదు.

ఇంతలో ఒక కాకి దిగి గారె ముక్క తన్నుకుపోయింది, వెనకాలే ఇంకోటి. జమలయ్య మాటకి దిగాయో, ఆకలికి ఆగలేక దిగాయో వాటినే అడగాలి. గట్టు మీది జనం మాత్రం హమ్మయ్య అనుకుని కాళ్ళు కడుక్కోవడానికి రేవులోకి దిగారు.

శేషారత్నం దగ్గరికొచ్చింది. "ఈ సంగతి ముందే తెలిసుంటే నిన్ను మా గడప తొక్కనిచ్చేదాన్ని కాదన్నయ్యా."

"అవునమ్మా," అన్నాడు.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"సోమవారం నుంచి మా సాయిసుధని నీ బండిలోనే పంపిస్తాను. వేరే డ్రైవర్లు తాగుతారో లేదో నాకేం తెలుసు? నువ్వు ఒంపెయ్యడం కళ్ళారా చూశాను."

జమలయ్య తలాడించి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ వ్యాను వైపు నడిచాడు. గుండె మీది బండరాయి ఎవరో దించినట్టుంది.