సాల్పింగో-ఊఫొరెక్టమీ, మూడు ముక్కలు

డెబ్బైల్లో రాయగడలో నర్సు శిక్షణకి చేరినప్పుడు ఆ మాట నోరు తిరగడానికే నాకు వారం పట్టింది. అసలే నాది ఒడియా బడి చదువు. సాల్పింగో-ఊఫొరెక్టమీ. గ్రీకు మాటట. పుస్తకం వెనక పట్టిక చూసి నేనే విడదీసుకున్నాను. సాల్పింగో అంటే గొట్టం, ఊఫొర్ అంటే గుడ్లను మోసేది, అంటే అండాశయం, ఎక్టమీ అంటే కోసి తీసేయడం. డాక్టరు విని నవ్వాడు. "నర్సులు పలికితే చాలు, విడగొట్టక్కర్లేదు. రోగులకైతే అసలు చెప్పొద్దు" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ వారమే ఒక కిరాణా వ్యాపారి కోడలికి ఆ ఆపరేషన్ జరిగింది. పార్వతీపురం నుంచి వచ్చి ఇక్కడ కొట్టు పెట్టుకున్న కుటుంబం. పెళ్ళై నాలుగేళ్ళు, పిల్లల్లేరు. అప్పట్లో మా తెలుగు ఇళ్ళల్లో ఆడదాని పొత్తికడుపు మీద కత్తి పడితే చాలు, అది 'సంచి ఆపరేషనే', గర్భసంచి తీసేసినట్టే లెక్క. కాగితం మీద సంతకం మొగుడు పెట్టాడు. ఏం తీశారో ఆమెకి ఎవరూ చెప్పలేదు. అత్త మాత్రం వార్డంతా వినేలా, "సంచి తీసేసేరు, ఇంకేటి మిగిలింది? మావోడికి ఇంకో పిల్లని సూడాల" అనేసింది.

మర్నాడు కట్టు మారుస్తుంటే ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"సిస్టరమ్మా, నా సంచి పోనాదా?"

కేసు షీటు తీసి చూశాను. ఎడమ అని స్పష్టంగా ఉంది. "ఎడంపక్క గొట్టం, ఎడంపక్క అండాశయం, అంతే. సంచి నీ కడుపులోనే ఉంది. కుడిపక్కవీ ఉన్నాయి. పిల్లలు పుట్టే వీలుంది" అన్నాను. ఆ గ్రీకు మాటని మూడు ముక్కలు చేసి ఆమె చేత పలికించాను. ఏడుస్తూనే పలికింది.

సాయంత్రం అత్త వచ్చి, రేపే పిల్లని చూడ్డానికి వెళ్తున్నామంది. డాక్టరు పక్క మంచం దగ్గరే ఉన్నాడు. కోడలు కడుపు పట్టుకుని లేచి కూర్చుంది.

"సాల్పింగో. ఊఫొర్. ఎక్టమీ. ఎడంపక్కదే తీసేరత్తా. సంచి నాకాడే ఉంది. ఏ పిల్లనీ సూడక్కర్లేదు."

"ఓలమ్మ!" అని అత్త నా వైపు తిరిగింది. "నిజం సెప్పు, అమ్మి."

డాక్టరు నోరు మూసుకోమన్నట్టు గుడ్లురిమాడు. చెబితే శిక్షణ నుంచి పంపేస్తారు. పంపితే పంపనీ!

"నిజమే. నమ్మకపోతే డాక్టరుగారు ఇక్కడే ఉన్నారు, అడగండి" అన్నాను.

వార్డు వార్డంతా ఆయన వైపు తిరిగింది. ఆయన గొంతు సవరించుకుని, నిజమే అన్నాడు.