సూదిలో దారం, గట్టుమీద మాస్టారు

మా ఊళ్ళో కళ్ళజోడు ఉన్నవాళ్ళు ఇద్దరే. ఒకరు పోస్టుమాస్టారు, రెండోవాడు మా నాన్న. పోస్టుమాస్టారి జోడును చూసి జనం పక్కకి తప్పుకునేవాళ్ళు, చదువుకున్నాయన కదా అని. మా నాన్న జోడును చూసి మాత్రం నవ్వేవాళ్ళు. నాగలి పట్టే మనిషికి అద్దాలేమిటన్నది వాళ్ళ బాధ. చెమటకి జారిపోతాయని ఆయన వాటిని తల వెనకనుంచి పురికొసతో కట్టుకునేవాడు. "ఏరా, ఎడ్లకి పేపరు చదివి వినిపిస్తున్నావా?" అని పక్క చేలోంచి కేకలేసేవాళ్ళు. నాన్న ఐదో తరగతితో ఆపేశాడు. ఎడ్లు అదీ చదవలేదు. ఆయన మాత్రం నాగలి తిప్పుకునేవాడు.

ఆ జోడు ఊరికే రాలేదు. పెళ్ళికి ముందు ఒక రోజు మునిమాపు వేళ నాన్న మా ఎద్దనుకుని పక్కింటివాళ్ళ ఎద్దును తోలుకొచ్చి మా కొట్టంలో కట్టేశాడట. మాది తెల్లెద్దు, వాళ్ళది మచ్చలది. పక్కింటివాళ్ళు దొంగతనమన్నారు, పెద్దమనుషులు కూర్చున్నారు. నాన్న చెప్పిందంతా విని, "వీడికి దొంగబుద్ధి కాదు, చూపు లేదు" అని తేల్చి గుంటూరు పంపించారు. అక్కడ కళ్ళ డాక్టరు జోడు రాసిచ్చాడు.

మా నాయనమ్మ ఈ కథ ఒప్పుకునేది కాదు. "కల్లంలో మిరపకాయలు ఎండబోస్తుంటే ఆ ఘాటు తగిలి పోయినయ్యి నా బిడ్డ కళ్ళు. మా వంశంలో ఎవరికీ లేదిది" అనేది. ఆ ఘాటు ఊరందరికీ తగిలేది. అద్దాలు మా నాన్న ఒక్కడికే ఎందుకొచ్చాయో ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు, అడిగే ధైర్యమూ ఎవరికీ లేదు.

పెళ్ళికి నాయనమ్మ ఆ జోడు తీయించేసింది. పెళ్ళికొడుకు అద్దాలతో పీటల మీద కూర్చుంటే నలుగురూ నవ్వుతారని ఆవిడ భయం. దాంతో నాన్న ఆ మూడు రోజులూ ఎదురొచ్చి పలకరించిన బంధువుల తలల మీదుగా ఎటో చూస్తూ గడిపాడు. అమ్మ తరఫువాళ్ళకి ఒళ్ళు మండింది. అల్లుడికి కళ్ళు నెత్తికెక్కాయన్నారు. అవి నెత్తిమీద లేవు, నాయనమ్మ ట్రంకుపెట్టెలో చీరల మధ్య ఉన్నాయి. అమ్మ కూడా, కట్టుకున్నవాడు తనవైపు చూసి ఒక్కసారైనా నవ్వలేదని, ఇంత పొగరుబోతుతో ఎలా వేగాలని లోలోపల ఏడ్చిందట.

నాలుగోరోజు జోడు బయటపడింది. అమ్మ నాన్న, అంటే మా తాతయ్య, మా వాకిట్లో నిలబడి, "ఇది వంశంలో ఉండే జబ్బు. రేపు పుట్టబోయే పిల్లలు అద్దాలతోనే పుడతారు, రాసిపెట్టుకోండి!" అన్నాడు. నాయనమ్మ కొంగు బిగించింది. "నా మనవలకి అద్దాలొస్తే నా పేరు మార్చుకుంటా!" అంది. ఆ మాటల తర్వాత తాతయ్య మా గడప తొక్కలేదు.

తర్వాత నేను పుట్టాను. అద్దాలు లేకుండానే పుట్టాను.

అయినా నాయనమ్మకి స్థిమితం లేదు. నాకు నాలుగేళ్ళు రాగానే చూపు పరీక్ష పెట్టింది. పరీక్షంటే సూదిలో దారం ఎక్కించడం. మా ఊళ్ళో ఎవరి చూపు సంగతి తేల్చాలన్నా అదే పద్ధతి. ముసలివాళ్ళకి ముందు చేతకాకుండా పోయేది అదే గనక. నేను సూదిని ముక్కు కొసదాకా తెచ్చుకుని, ఒక కన్ను మూసి, నాలుక కొంచెం బయటపెట్టి, ఒక్క ఊపులో ఎక్కించేశాను. నాయనమ్మ నా రెండు బుగ్గలూ పుణికి, మా తాతయ్య వాళ్ళ ఊరున్న దిక్కుకి తిరిగి, "వచ్చి చూసుకోమను!" అంది.

అప్పటినుంచీ నా పని పెరిగింది. బొంతలు కుట్టే ఆడవాళ్ళంతా సూదులు పట్టుకుని మా అరుగు మీదకి వచ్చేవాళ్ళు. కల్లంలో తాలు కాయలు, అంటే రంగుపోయి తెల్లబడ్డవి, ఏరడానికి కూడా నన్నే కూర్చోబెట్టేవాళ్ళు. ఒడిలో పోసుకుని ఏరితే ఒక్కటి తప్పిపోయేది కాదు. సాయంత్రం కాగానే నాయనమ్మ ఉప్పు, మిరపకాయలు తిప్పి నా కళ్ళకి దిష్టి తీసేది. నాకున్నంత మంచి కళ్ళు ఊళ్ళో ఎవరికీ లేవని నేనూ గట్టిగా నమ్మాను. పది అడుగులు దాటితే లోకం మసకగా ఉంటుంది, అందరికీ అంతే అనుకున్నాను. ఎవర్నీ అడగలేదు. ఆకాశం పైనే ఉందా అని ఎవరైనా అడుగుతారా?

పొద్దున బడికి వెళ్ళేటప్పుడు అమ్మ గుమ్మం దాకా వచ్చి జడ సవరించి పంపేది. వీధి మలుపులో నేను వెనక్కి తిరిగి చూసేదాన్ని. గుమ్మం ఉండాల్సిన చోట మసక తప్ప ఏమీ కనిపించేది కాదు. అమ్మ లోపలికి వెళ్ళిపోయి ఉంటుంది, పనులుంటాయి కదా అనుకునేదాన్ని. కొంచెం బాధేసేది. అయినా రోజూ తిరిగి చూసేదాన్ని.

బళ్ళో నేను పొడుగని వెనక వరసలో కూర్చోబెట్టారు. నల్లబల్ల మీద అక్షరాలుంటాయని తోటిపిల్లలు చెప్పగా వినడమే గాని నేను ఎన్నడూ చూసి ఎరగను. వాళ్ళు ఊహించి రాస్తున్నారనుకుని నేనూ ఊహించి రాసేదాన్ని. నా ఊహ ఎప్పుడూ తప్పేది. మాస్టారు నోటితో అడిగిన ఎక్కాలన్నీ గడగడా చెప్పేదాన్ని, బల్ల మీద వేసిన లెక్క ఒక్కటీ చేసేదాన్ని కాదు. ఐదో తరగతిలో ఉండగా ఆయన మా ఇంటికొచ్చి, "వింటే వస్తుందండీ, చూస్తే రాదు. ఎందుకో అర్థం కాదు" అన్నాడు. అంతదాకా వచ్చి ఆగిపోయాడు మహానుభావుడు. నాన్న మరీ గుచ్చి అడిగితే, "పిల్ల కాస్త మొద్దండీ. పర్చూరు హైస్కూలుకి పంపినా దండగే" అని తేల్చేసి మజ్జిగ తాగి వెళ్ళాడు.

ఆ రోజే నిర్ణయమైపోయింది. వేసవి సెలవుల తర్వాత నాకు చదువు లేదు, మిరపచేను ఉంది. నాయనమ్మకి ఇది పండగే, తాలు ఏరే మనిషి ఇంట్లోనే ఉంటుంది. అమ్మ మాత్రం ఆ పూట అన్నం ముట్టలేదు. మూడో ఫారంలో, అంటే ఎనిమిదో తరగతిలో ఉండగా ఆవిడ్ని బడి మాన్పించారు. నన్నైనా ఆ మెట్టు దాటించాలన్నది ఆవిడ ఆశ. "ఒక్క ఏడాది పంపి చూడండి" అని నాన్నని బతిమాలింది. "మొద్దుకి చదువెందుకే?" అన్నాడు నాన్న. నేను పక్కనే ఉన్నాను. మొద్దునని నాకూ నమ్మకం కుదిరింది.

ఆ చైత్రంలో అందరం కల్లం దగ్గరే ఉన్నాం. బస్తాలు కట్టే రోజులు. నాన్న చొక్కా బొత్తాం ఒకటి ఊడిపోయింది. అమ్మ మంచినీళ్ళకి వెళ్ళిందని ఆయన తనే కుట్టుకోవడానికి కూర్చున్నాడు. అద్దాలు తీసి చాపమీద పెట్టాడు. ఆయనకి ఎదురుగా నేను ఎవరిదో బొంత సూది పట్టుకుని ఉన్నాను. అమ్మ బిందెతో వచ్చి, మా ఇద్దర్నీ చూసి, నిలబడిపోయింది.

"అత్తయ్యా, ఒకసారి ఇటు చూడండి" అంది.

నాయనమ్మ చూసింది. ఇద్దరం సూదుల్ని ముక్కు కొసల దగ్గర పెట్టుకుని ఉన్నాం. ఇద్దరి తలలూ ఒకే పక్కకి వాలి ఉన్నాయి. ఇద్దరికీ కుడికన్ను మూసి ఉంది, ఇద్దరి నాలుకలూ బయట ఉన్నాయి. ఒకేసారి ఎక్కించి, ఒకేసారి తలలెత్తాం.

"ఆయనకి చూపు లేదంటిరి కదా" అంది అమ్మ. "మరి సూది ఎలా ఎక్కించారు? అద్దాలు కూడా లేవు."

నాన్న లేచి జోడు పెట్టుకుని, నన్ను చెయ్యి పట్టుకుని కల్లం అంచుకి తీసుకెళ్ళి చేను అవతల గట్టు చూపించాడు.

"అక్కడెవరే?"

"మాస్టారు."

"ఏ మాస్టారు?"

"మా బడి మాస్టారు. రోజూ అక్కడే ఉంటారుగా. నేను బడికి పోతా నమస్కారం పెడతాను."

నాన్న నావైపు చూశాడు. మెల్లగా పురికొస విప్పి తన అద్దాలు నా ముక్కుమీద పెట్టి పట్టుకున్నాడు. గట్టు దగ్గరికొచ్చేసింది. దానిమీద సున్నం బొట్లు పెట్టిన కుండ, కుండ కింద మా నాన్న పాత చొక్కా, చొక్కాలో గడ్డి. దిష్టిబొమ్మ. పంట మొదలైనప్పటినుంచీ నేను దానికి వంగి వంగి దణ్ణాలు పెడుతున్నాను.

"మొద్దన్నానే నిన్ను" అన్నాడు నాన్న. అద్దాలు నా ముక్కుమీదే ఉన్నాయి గనక ఆయన కళ్ళలో నీళ్ళు నాకు బాగా కనిపించాయి. "నా కళ్ళే వచ్చినయ్యి నీకు. నేనే కనిపెట్టలేకపోయా."

నాయనమ్మ ఊరుకుంటుందా? "కళ్ళు నిక్షేపంగా ఉన్నయ్యి!" అని లేచింది. "ఊరి సూదులన్నీ ఎక్కించిన కళ్ళవి. పిల్ల మొద్దు, అంతే. ఆ మొద్దుతనం మా వంశంలో లేదు, అది దీని పుట్టింటినుంచి వచ్చింది!"

అమ్మ ఆ ఇంట్లో కాలుపెట్టినప్పటినుంచీ ఎదురు మాట్లాడి ఎరగదు. ఆ రోజూ గొంతు పెంచలేదు. బిందె దించి, "సరే అత్తయ్యా, మొద్దుతనం మా ఇంటిదే. ఊరందరి ముందూ ఒప్పుకుంటాను. మా నాన్నతో కూడా ఒప్పిస్తాను. పిల్ల కళ్ళు మాత్రం ఒక్కసారి డాక్టరుకి చూపించనివ్వండి" అంది. అంటూనే ఏడ్చేసింది.

నాయనమ్మ మళ్ళీ కూర్చుని మిరపకాయలు ఏరడం మొదలెట్టింది. చివరికి, "నేనూ వస్తా గుంటూరు. ఆ డాక్టరు ఏమంటాడో నా చెవులతో వింటా" అంది.

డాక్టరు గారు నన్ను ఇంగ్లీషు అక్షరాలకి ఎదురుగా కూర్చోబెట్టి, ఏవేవో అద్దాలు మార్చి మార్చి చూశాడు. దగ్గరివి బాగా కనిపిస్తాయి, దూరానివి కనిపించవు, తండ్రిదీ ఇదే రకం అన్నాడు. సూది ఎక్కించడం దీనికి పరీక్ష కాదన్నాడు.

"మిరపఘాటు తగిలి కదండీ?" అంది నాయనమ్మ.

"మిరపఘాటుకి కళ్ళు మండుతయ్యమ్మా, అద్దాలు రావు."

"అయితే తండ్రికి ఉంటే పిల్లలకి వచ్చి తీరుద్దా?"

"రావచ్చు, రాకపోవచ్చు. ఒకరికొచ్చి ఇంకొకరికి రాకపోవచ్చు. ముందే ఎవరూ చెప్పలేరు. మీ పిల్లకి వచ్చింది."

"మీరూ పెట్టుకున్నారుగా. మీ నాన్నగారికి ఉన్నయ్యా?"

"లేవమ్మా."

నాయనమ్మ దీన్ని భద్రంగా మూటకట్టుకుంది. తిరుగు బస్సులో పెదనందిపాడు దాటగానే బస్సంతా వినపడేట్టు, "పోస్టుమాస్టారికి ఉన్నయ్యి, డాక్టరుకి ఉన్నయ్యి. అంటే ఇది చదువుకునే వంశాలకొచ్చేదన్నమాట" అంది. పేరు మార్చుకోవాల్సిన సంగతి ఆవిడా ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. సెలవుల తర్వాత నన్ను పర్చూరు పంపాలని అందరికంటే ముందు ఆవిడే అంది.

నా జోడు తెచ్చిన రోజు నాన్న దానికి కూడా పురికొస కట్టాడు.

హైస్కూలు తెరిచిన రోజు పొద్దున అమ్మ ఎప్పట్లాగే గుమ్మం దాకా వచ్చి జడ సవరించింది. జడ కింద పురికొస కూడా సవరించింది. వీధి మలుపులో నేను అలవాటుగా వెనక్కి తిరిగాను. గుమ్మంలో అమ్మ ఉంది. లోపలికి వెళ్ళలేదు. నన్నే చూస్తోంది. కుడిచెయ్యి పైకెత్తి ఊపుతోంది. తోటిపిల్లలు లాక్కుపోతే పోయాను, చెయ్యి ఊపాలన్న సంగతి కూడా తోచలేదు.

సాయంత్రం రాగానే అడిగాను. "అమ్మా, రోజూ అట్లా నిలబడే ఉండేదానివా?"

"నిలబడకేం? ఐదేళ్ళబట్టీ నువ్వు మలుపు తిరిగేదాకా ఉంటూనే ఉన్నా. నువ్వు ఆగి చూస్తావు, నేను చెయ్యి ఊపుతా, నువ్వు పట్టనట్టు పోతావు." అమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోసింది. "దిష్టిబొమ్మకి దణ్ణాలు పెట్టావు గాని తల్లికి చెయ్యి ఊపావటే ఎన్నడన్నా? మీ నాన్న పొగరే వచ్చిందనుకున్నా."

మర్నాడు మలుపులో ఆగి, వెనక్కి తిరిగి, చెయ్యెత్తి ఊపాను. అమ్మ ఊపలేదు. కొంగు తీసి కళ్ళకి అడ్డం పెట్టుకుంది. అంత దూరం నుంచీ అది స్పష్టంగా కనిపించింది.