ఒక్క పేరున్న కార్డు

నా చిన్నప్పుడు, ఎనిమిదో తరగతి పాసైన ఏడాది, జూన్ నెల రెండో సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు బడి గంట మోగింది. వేసవి సెలవుల తరువాత అదే మొదటి గంట. చిత్తూరులో మా వీధికి ఆ బడి ఎంత దగ్గరంటే, గంట కొట్టే మనిషి మధ్యలో చెయ్యి మార్చుకుంటే ఆ తేడా కూడా మాకు తెలిసేది. అయినా ఆ రోజు నేను బడికి వెళ్లలేదు. ఆ గంటను మా పెరట్లో, పచ్చి కొబ్బరి మట్టలతో కట్టిన గుడిసెలో కూర్చుని విన్నాను.

అంతకుముందు శుక్రవారం నేను పెద్దమనిషిని అయ్యాను. మా ఇళ్లలోని ఆనవాయితీ ప్రకారం మేనమామ వచ్చి పెరట్లో గుడిసె కట్టాలి. స్నానం చేయించి ఇంట్లోకి పిలిచే రోజు వరకు పిల్ల అందులోనే ఉండాలి. నాకు వేరే చాప, వేరే కంచం, వేరే చెంబు ఇచ్చారు. లేచి నిలబడితే తల మట్టలకు తగిలేది. పగలంతా ఆ ఆకులు ఎండకు వాడి, ఉడికిన వాసన వేసేవి. గుమ్మానికి అడ్డంగా నేలమీద రోకలి పెట్టారు. దాన్ని దాటడానికి ఒక్క అడుగు చాలు. ఆ అడుగు వేసే ధైర్యం నాకు లేదు, వేయమని చెప్పే ధైర్యం మా అమ్మకూ లేదు.

అయితే గుడిసె కొద్దిరోజుల మాటేనని నాకు తెలుసు. గంట ఆగిన తరువాత నడవలో మా నాయన అవ్వతో అన్న మాట విన్నప్పుడే నాకు నిజంగా ఊపిరి ఆడలేదు.

"ఇంక బడి యెందుకులేమ్మా. ఎనిమిది సదివింది, సాలు. పెద్దదైన పిల్లను మొగపిల్లోళ్ల మధ్యన కూర్సోబెడితే వీధిలో నలుగురూ ఏమనుకుంటారు?"

అవ్వ ఔనన్నది. అమ్మ గిన్నెలు తోముతున్న చప్పుడు మాత్రం కాసేపు ఆగి, మళ్లీ మొదలైంది.

మా నాయన బెల్లం మండీలో చిన్న వ్యాపారి. సంతకం పెట్టడం తప్ప చదువు లేదు. ఆయన కఠినుడని ఎవరైనా అంటే నేను ఈనాటికీ ఒప్పుకోను. నాకు నువ్వులుండలు చేయడానికి మండీలోని మంచి బెల్లమంతా వెతికి తెల్లటి అచ్చులు ఏరుకొచ్చిన మనిషి. కానీ నలుగురి మాట అంటే ఆయనకు భయం. ఆ నలుగురు ఎవరో నేను ఎన్నడూ చూడలేదు. మా ఇంట్లో మాత్రం వాళ్లు చెప్పిందే జరిగేది.

గుడిసె పక్కగా వెళ్లినప్పుడు మట్టల లోపలి నుంచే నాయనను బతిమాలాను. మొదటిసారి "సూద్దాంలే" అన్నాడు. రెండోసారి "ఊరికే ఉండు మే" అని వెళ్లిపోయాడు. ఆ తరువాత గుడిసె వైపు రావడం మానేశాడు.

మా నడవలో ఒక రేడియో ఉండేది. వార్తలు, మార్కెట్ ధరలు వినడానికి నాయన దాన్ని కొన్నాడు. అవి అయిపోయి పాటలు మొదలవుతాయనగా టక్కున ఆపేసేవాడు. గుడిసెలోకి రాకముందు నేను పక్కింటి గోడకు ఆనుకుని వాళ్ల రేడియోలో శ్రోతలు కోరిన పాటలు వినేదాన్ని. ఎవరికీ చెప్పకుండా, నాకు నచ్చిన పాట వేయమని ఆ స్టేషన్‌కు కార్డులు కూడా రాశాను. ఏ ఊరివాళ్ల పేర్లో చదివేవారు గానీ నా పేరు ఏనాడూ రాలేదు.

మా మేనమామ, అంటే అమ్మ తమ్ముడు, ఆ పాటలు వేసే రేడియో స్టేషన్‌లో రికార్డులు భద్రపరిచే గదిలో పనిచేసేవాడు. గుడిసె కట్టడానికి సెలవు పెట్టి వచ్చాడు. దాన్ని విప్పవలసినదీ మేనమామే కనుక స్నానం రోజు వరకు ఉండిపోయాడు. ఆ గుడిసెలో ఉన్న పిల్లను మగవాళ్లు చూడకూడదు. అందుచేత సాయంత్రం పూట బావి గట్టు మీద, నా వైపు వీపు పెట్టి కూర్చుని, వక్క కొరుకుతూ మాట్లాడేవాడు. ఆ సోమవారం సాయంత్రం నేను ఏడ్చీ ఏడ్చీ అలసిపోయి ఉన్నాను. బడి సంగతి ఎత్తితే మళ్లీ ఏడుపు వస్తుందని, మాట మార్చడానికి అడిగాను.

"మామా, మీ స్టేషన్లో నా కార్డు యెందుకు సదవరు?"

"ఏం పాట అడిగినావు మే?"

టూరింగ్ టాకీసులో చూసిన ఒక అరవ సినిమా పాట పేరు చెప్పాను. మామ వీపు ఊగిపోయేలా నవ్వాడు.

"తెలుగు పాటలు వేసేవాళ్లను అరవ పాట అడిగినావా! ఆ రికార్డు మా బీరువాలోనే లేదు గదే. లేనిదాన్ని యాడ్నించి తెచ్చేది? నువ్వు బండెడు కార్డులు రాసినా అంతే."

"తెలుగు పాటలు గూడా అడిగినా," అన్నాను రోషంగా.

"కార్డులో యెంతమంది పేర్లు పెట్టినావు?"

"నా పేరొకటే."

"అదీ సంగతి," అన్నాడు మామ.

ఆ సాయంత్రం ఆయన చెప్పినదంతా నాకు గుర్తుంది. కార్డులు సంచుల్లో వస్తాయి. వాటిని పాటల వారీగా కుప్పలు పోస్తారు. ఏ పాటకు ఎక్కువ ఊళ్ల నుంచి, ఎక్కువ పేర్లతో అడిగారో ఆ కుప్పను ముందుకు తీస్తారు. తరువాత బీరువాలో ఆ రికార్డు ఉన్నదా, గీతలు పడకుండా ఉన్నదా, మొన్ననే వేశామా అని చూస్తారు. అన్నీ కుదిరితే ఆ పాట కార్యక్రమంలోకి ఎక్కుతుంది. పాటలు ఎంపిక చేసేవాళ్లు సంగీతం తెలిసిన గొప్పవాళ్లని, మంచి పాట ఏదో వాళ్లే తేలుస్తారని నేను అంతవరకు నమ్మాను. మామ ఆ నమ్మకం తీసేశాడు. కోరికల కార్యక్రమంలో వాళ్లు చూసేవి రెండే: ఎంతమంది అడుగుతున్నారు, అడిగినది తమ దగ్గర ఉన్నదా.

"మరి ఒక్క పేరుండే కార్డులు?"

"పారెయ్యములే. పక్కన పెడతాము."

"పక్కన పెట్టినవి తరువాత సదువుతారా?"

మామ వక్క కొరికిన చప్పుడు వినిపించింది. కాసేపటికి లేచి నిలబడి, ఇంకా అటే తిరిగి ఉండి, గొంతు తగ్గించి అన్నాడు. "బావకు నేను చెప్పేదానికి లేదు మే. ఈ యింటికి అక్కను ఇచ్చుకున్నోణ్ణి, నా మాట ఆయనకు పట్టదు. కానీ దినామూ నీ గుడిసె కాడికి యెంతమంది ఆడోళ్లు వచ్చి పోతా ఉండారో సూసినావా?"

అంతే. ఇంట్లోకి వెళ్లిపోయాడు.

మా వీధిలో ఒక మర్యాద ఉండేది. గుడిసెలో ఉన్న పిల్లకు వీధిలోని ఇళ్లవాళ్లు వంతులవారీగా బియ్యప్పిండిని ఆవిరి మీద ఉడికించిన పుట్టో, మినప్పిండి ఉద్దివడలో, నువ్వులుండలో చేసి తెచ్చేవారు. అంతవరకు నేను తల వంచుకుని తీసుకోవడమే. వాళ్లు రోకలి అవతల చతికిలపడి, నేను తినేదాకా కూర్చునేవారు. ఆ రాత్రంతా మామ మాటలే నా తలలో తిరిగాయి. నాయన దగ్గర ఉన్నది నా ఒక్కదాని కోరికే. దానికి తోడు, నేను అడుగుతున్నది ఆయన దగ్గర లేనిది. మగపిల్లలున్న ఆ పక్కవీధి బడికి ఆయన నన్ను పంపలేడు. ఊరికి అటు చివర ఆడపిల్లల బడి ఒకటి ఉన్నది. అది అడిగితే ఆయన ఇవ్వగలడేమో. కానీ అది అడగడమంటే నా గంటను, నా బెంచీని, ఆరేళ్లుగా పక్కన కూర్చున్న నా స్నేహితురాళ్లను వదులుకోవడం. తెల్లవారేసరికి వదులుకున్నాను. ఆ బాధ నాకు చాలాకాలం ఉన్నది.

మరునాటి నుంచి ఎవరు వచ్చినా తినే ముందు అడిగాను. మా నాయనతో ఒక్క మాట చెప్పండి, ఆడపిల్లల బడిలో చేర్చమని. కుట్టుపని చేసే అక్క "నేనెవరిని మే చెప్పేదానికి?" అంటూనే, వెళ్లేటప్పుడు "సరేలే, ఒక మాట అంటా" అన్నది. వీధి చివరి ముసలవ్వ నన్ను ఎగతాళి చేసింది.

"సదివి కలెక్టరవుతావా? ముందు ఆ పుట్టు తిను. కంచం నాకినట్టు తింటే సెప్తా."

నిజంగానే కంచం నాకినట్టు తిన్నాను. అవ్వ నవ్వి నెత్తిన చెయ్యి పెట్టబోయి, తాకకూడదని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నది.

ఎదురింటి అత్తను అడగడానికే భయపడ్డాను. ఆమె కూతురు నాకంటే ఒక ఏడాది పెద్దది. సరిగ్గా ఇలాగే పోయిన సంవత్సరం ఆ పిల్లను బడి మాన్పించారు. నేను అడగగానే అత్త ముఖం మాడిపోయింది. వడల గిన్నె రోకలి అవతలే పెట్టి, లేచి వెళ్లింది. ఆమె నాయనతో చెబుతుందని, నేను వెనుక నుంచి నడిపిస్తున్నదంతా బయటపడుతుందని వణికిపోయాను. స్నానం రోజు వరకు ఆ గుడిసె నాకు ఇంకా ఇరుకైపోయింది.

ఆ రోజు పసుపునీళ్లు పోశారు. కొత్త ఓణీ కట్టి నడవలో పీట మీద కూర్చోబెట్టారు. పెరట్లో మామ మట్టలు విప్పి కాలుస్తున్నాడు. ఆడవాళ్లు హారతి పాడి, అమ్మ చేతి తాంబూలం తీసుకుని, ఒక్కొక్కరే బయలుదేరారు. గుమ్మం దగ్గర నిలబడి సాగనంపుతున్నది నాయన.

కుట్టుపని అక్క అందరికన్నా ముందు ఆయన దగ్గర ఆగింది. "అన్నా, పాపను ఆడపిల్లల బడిలో చేర్చరాదా?" నాయన "సూద్దాంలేమ్మా" అన్నాడు. వెనుకే ఇంకొకరు అడిగారు. తరువాత మరొకరు. వీధి చివరి అవ్వ కర్ర ఆనించి నిలబడింది.

"ఏమప్పా, ఇంత కాలం బెల్లం అమ్ముతా ఉండావు, బిడ్డకు ఒక్క తీపి మాట సెప్పేదానికి రాదా నీకు?"

అందరూ నవ్వారు. నాయన నవ్వలేదు. ముఖం ఎర్రబడింది.

"ఎవరు నేర్పిచ్చినారు మీకందరికీ?" అని పెరటి వైపు చూశాడు. మామ బూడిద మీద నీళ్లు చల్లుతూ తల ఎత్తలేదు. నా ముందు రోకలి లేదు, చుట్టూ మట్టలు లేవు. అయినా ఆ పీట మీద నుంచి కదలలేకపోయాను.

అప్పుడు ఎదురింటి అత్త ముందుకు వచ్చింది. తాంబూలం కొంగులో గట్టిగా పట్టుకున్నది.

"ఒకరు నేర్పేదేముందన్నా? పోయిన యేడు మా పాపను నేనే మాన్పిచ్చినా. ఒక్కదాన్నే అంత దూరం పంపితే మీరంతా ఏమంటారో అని భయపడినా. ఏడాదినించి అది నాతో సరిగా మాట్లాడేదే లేదు. మీ పాప పోతే మాది గూడా పోతాది. ఇద్దరూ కలిసి నడుస్తారు."

'మీరంతా' అన్న మాట దగ్గర నాయన ఆమెను వింతగా చూశాడు. తరువాత గుమ్మంలో, అరుగు మీద, మెట్ల మీద నిలబడిన వాళ్లందరినీ చూశాడు. ఆయన ఇన్నాళ్లూ ఎవరికి భయపడ్డాడో వాళ్లంతా అక్కడే ఉన్నారు. వాళ్లు ఆయనకు భయపడుతూ, ఆయన ఏమంటాడోనని ఎదురుచూస్తున్నారు.

"సరేలేమ్మా," అన్నాడు చివరికి. "రేప్పొద్దున పొయ్యి అడిగొస్తా. ఇద్దరికీ కలిపి అడుగుతా."

ఆ గొంతులో ఓడిపోయిన బాధ నాకు వినిపించలేదు. బరువు దించుకున్న మనిషి గొంతు అది.

తరువాత నేను బి.ఎ. దాకా చదివాను. మా ఇంట్లో డిగ్రీ పుచ్చుకున్న మొదటి మనిషిని నేనే. ఉద్యోగంలోనూ, సంసారంలోనూ దారి మూసుకుపోయినట్టు అనిపించిన సందర్భాలు చాలా వచ్చాయి. అటువంటప్పుడు ముందు రెండు సంగతులు ఆలోచించడం నాకు ఆనాటి నుంచి అలవాటు. నేను అడుగుతున్నది అవతలివాళ్లు ఇవ్వగలిగినదేనా? నాలాగే ఇదే కోరికను కడుపులో దాచుకుని, తామొక్కరమే అనుకుంటూ ఎవరైనా పక్కింట్లో కూర్చుని ఉన్నారా? రెండో ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఔననే వచ్చింది. ఒక్కరే నిలబడి అడిగేవాళ్లు కనిపిస్తే, వాళ్ల మాట పక్కన పెట్టకుండా చివరి దాకా వినాలన్న పట్టుదల కూడా నాకు అక్కడే అబ్బింది.

నాయన మాట ఇచ్చిన ఆ వారంలోనే నేనూ ఎదురింటి పిల్లా ఆడపిల్లల బడిలో తొమ్మిదో తరగతిలో చేరాము. ఆ ఏడాది తరువాత మా వీధిలో, పెద్దమనిషి అయిందని ఏ ఆడపిల్లనూ బడి మాన్పించలేదు.